వరసలో ఏడో ఉత్తరం

నా ఎడమ చేతి కథ మళ్ళీ చెప్పమంటున్నారు. ఇకమీదట అది చెప్పడానికి వీల్లేదు. ఎందుకు వీల్లేదో చెబుతాను, టీ తాగుతూ వినండి.

పాత కథ మీకందరికీ కంఠతా వచ్చు. పెళ్ళయిన కొత్తలో పుత్తూరు బస్టాండులో, కదిలే బస్సులోంచి జారిపోతున్న ఒక ముసలాయన్ని పట్టుకోబోయి నేను కింద పడ్డాను. చెయ్యి విరిగింది. అక్కడే పుత్తూరు కట్టు కట్టించుకున్నాను. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ, రిటైరయ్యాకా, ఏ పెళ్ళి పంక్తిలో కూర్చున్నా పప్పు కంటే ముందు ఈ కథే వడ్డించాను. ఏడాదికోసారి ముసలాయన వయసు కొద్దిగా పెంచుతూ వచ్చాను. ఈమధ్య ఆయనకు తొంభై రెండు.

మొన్న మా బామ్మర్ది కూతురు సుజన ఫోన్ చేసింది. తిరుపతిలో చదువుతోంది. ఇళ్ళల్లో ఉన్న పాత ఉత్తరాలు, పెద్దవాళ్ళ మాటలు సేకరించి కాలేజీలో భద్రం చేస్తున్నారట.

"మామా, ఆదివారం పూతలపట్టుకు పోతా ఉండా. అవ్వ కాడ ఉత్తరాల తీగ ఉండాది గదా, అన్నీ ఫోటోలు తీసి, అవ్వ మాటలు రికార్డు చేస్తా. నీ సెయ్యి కథ గూడా అందులో ఉంటాది."

నా గుండెలో రాయి పడింది.

అవ్వంటే మా అత్త దేవకమ్మ. ఆమె ఇంట్లో ద్వారబంధానికి ఒక ఇనుప తీగ వేలాడుతుంటుంది. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరం వచ్చినట్టు దానికి గుచ్చుతుంది. పాతవి అడుగున, కొత్తవి పైన. నా చెయ్యి విరిగిన సంగతి మా ఆవిడ పంకజాక్షి వాళ్ళమ్మకు ఇన్‌లాండ్ కవరులో రాసి, అంటించి, పోస్టు చేసి రమ్మని నా చేతికే ఇచ్చింది. ఇస్తూ ఒక నవ్వు నవ్వింది. ముప్పై ఆరేళ్ళయినా ఆ నవ్వు నేను మరిచిపోలేదు. లోపల అసలు సంగతే రాసుంటుందని అప్పట్నుంచీ నా భయం.

మీ దగ్గర దాపరికం ఎందుకు, అసలు సంగతి ఇది. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం. పెళ్ళికూతురు పుట్టింట్లో, నేను చిత్తూరులో. ఆ నెల అల్లుడు అత్తగారి గడప దాటకూడదు. పెద్దల మాట నేను జవదాటలేదు. గడప దాటలేదు, పెరటి గోడెక్కాను.

మిట్టమధ్యాహ్నం, జేబులో మైసూరుపాకు పొట్లం. పంకజాక్షి పెరట్లో మిరపకాయలు ఎండబెడుతోంది. గోడమీద నన్ను చూసి పకాలున నవ్వింది. ఆ నవ్వుకు నేను అవతలి పక్కకు పడ్డాను. లోపల్నుంచి మా అత్త "ఏందే ఆ సప్పుడు?" అంది. "కోతమ్మా" అంది పంకజాక్షి. కోతి విరిగిన చేత్తో రోడ్డుకు పరిగెత్తి, దొరికిన బస్సెక్కి పుత్తూరు చేరింది. కట్టు ఆరేలోపల ముసలాయన్ని తయారుచేసుకున్నాను. పంకజాక్షి ఆ ఉత్తరం రాసింది ఆషాఢం పోయి చిత్తూరు వచ్చాక.

ఇప్పుడు ఆ ఉత్తరం కాలేజీకెక్కితే నా పరువేం కావాలి? అందుకని శనివారం పొద్దున్నే అన్నాను, "పంకజం, పద, మీ అమ్మను చూసొద్దాం."

"మా అమ్మను సూడాలని నీకు తోసిందా? జరమేమన్నా వచ్చినాదా?"

"అల్లుణ్ణి కదా, బాధ్యత."

"ఆ బాధ్యత ముప్పై ఆరేండ్లు యాడ పండుకోనుండె?"

గబగబా చొక్కా తొడుక్కొని బయల్దేరాను. ఆ తొందరలో కళ్ళజోడు ఇంట్లోనే వదిలేశాను.

పూతలపట్టులో దిగి, మామూలుగానే పశువుల కొట్టం పక్కనించి వెళ్ళాం. కొట్టం చూరుకు దిష్టికని కట్టిన పాత చెప్పు, మామూలుగానే నా నెత్తికి తగిలింది. "ఈ కాలంలో గూడా ఈ మూఢనమ్మకాలేంది అత్తా?" అన్నాను. మా అత్త నవ్వి ఊరుకుంది.

సంగట్లోకి శెనక్కాయల ఊరిబిండి నంజుకొని తిని ఆడవాళ్ళు కునుకు తీశారు. కరెంటు పోయింది. ఇదే అదను అనుకొని తీగ దించాను. రెండొందల పైచిలుకు ఉత్తరాలు. ఒక్కొక్కటీ తీసి, మళ్ళీ అదే వరసలో గుచ్చాలని నేలమీద బారులు తీర్చాను. నాకు అక్షరాలు కనబడవు గానీ రంగు కనబడుతుంది. ఆ ఒక్క ఉత్తరం పంకజాక్షి నా మండీ ఊదా సిరాతో రాసింది. అడుగున దొరికింది. జేబులో పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడు కరెంటొచ్చింది. ఫ్యాను ఐదులో ఉంది. ఉత్తరాలు అక్షింతల్లా లేచి ఇల్లంతా పడ్డాయి. మంచం కింద దూరి, గాదె వెనక దూరి, ఏది చేతికొస్తే అది గుచ్చేశాను. ఆఖరిది గుచ్చుతుండగా పంకజాక్షి లేచొచ్చింది.

"ఏం సేస్తా ఉండావు?"

"దుమ్ము దులుపుతున్నా."

"మనింట్లో దుమ్ము నీ కంటికి ఒకనాడన్నా ఆనలేదే."

నేను పెరట్లోకి పోయి నీళ్ళ పొయ్యిలో ఆ కవరు వేసేశాను. అది కాలిపోయాక ప్రాణం కుదుటపడింది.

ఆదివారం సుజన వచ్చి స్టూలు మీద ఫోను పెట్టి రికార్డింగు మొదలుపెట్టింది. మా అత్తకు ఎనభై నాలుగేళ్ళు, చదువు రాదు. తీగ ఒళ్ళో పెట్టుకొని అడుగు ఉత్తరం తడిమింది. "ఇది మా అన్న మిలిట్రీ నించి రాసింది. ఆడ మంచు పడతా ఉండాదని."

సుజన చదివింది. "అవ్వా, దీంట్లో అత్తోళ్ళకు గ్యాసు వచ్చినాదని ఉండాది."

మా అత్త రెండోది తడిమింది. మూడోది తడిమింది. అదీ తప్పే. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎవురో ముట్టినారు," అంది మెల్లగా. "నాకు సదువు రాదు గదమ్మా, ఈ వరసే నా సదువు. ఎన్నోదని లెక్కబెట్టి తడిమితే దాంట్లో ఏముండాదో నాకు వినబడతాది. ఇప్పుడియ్యన్నీ ఉత్త కాగితాలయిపాయె."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఒక్క ఉత్తరం దొంగిలించబోయి, ఆ ముసలామెకు ఉన్న ఉత్తరాలన్నీ లేకుండా చేశాను. "నేనే అత్తా," అన్నాను. "ఊదా సిరాది పొయ్యిలో గూడా వేసినాను."

"ఏడోదా?" అంది మా అత్త. కళ్ళు మూసుకొని అప్పజెప్పింది. "అమ్మకు నమస్కారం. మీ అల్లుడి సెయ్యి విరిగినాదని దిగులుపడొద్దు. బస్సులో జారిపోతా ఉండే ముసలాయన్ని పట్టుకోబోయి పడినాడు. ఆయప్పది మంచి మనసు. నన్ను బాగా సూసుకుంటా ఉండాడు. ఎవురేమన్నా నమ్మొద్దు."

నేను పంకజాక్షి వైపు చూశాను. నేను పడటం కళ్ళారా చూసిన మనిషి, కొత్తమొగుడి పరువు కోసం కన్నతల్లికి అబద్ధం రాసింది. నా తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని నేనే కాల్చుకున్నాను.

"నిజం రాసినావనుకున్నానే," అన్నాను.

"మొగుడు గోడ మీదనించి పడినాడని అమ్మకెవురన్నా రాస్తారా?" అనేసి నాలిక కరుచుకుంది.

"గోడా? ఏ గోడత్తా?" అంది సుజన. ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

"ఏ గోడనో నాకు తెలుసులే," అంది మా అత్త. "మీ అత్త కోతన్నాది. పోయి సూస్తే గోడవతల మైసూరుపాకు పొట్లం, ఒంటి చెప్పు పడుండాయి. చెప్పులేసుకునే కోతి ఈ పక్కన యాడుండాది? పారేయడమెందుకని కొట్టానికి కట్టినాను."

ముప్పై ఆరేళ్ళుగా నా నెత్తికి తగులుతున్నది నా చెప్పే.

"అప్పుడే ఎందుకడగలేదత్తా?"

"ఎందుకడగాల? ఆషాడంలో గడప దాటొద్దంటే దాటలేదు గదా నువ్వు. బుద్ధిమంతుడివే."

తర్వాత శిక్ష వేసింది, వరస సరిచేసిచ్చి పొమ్మని. పంకజాక్షి ఒక్క ఉత్తరంలోనూ తారీఖు వెయ్యలేదు, పోస్టు ముద్రలు అలికిపోయాయి. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకొని నేను ఒక్కొక్కటే చదవాలి, మా అత్త "ఇది నూటపన్నెండు" అని చెప్పాలి. బుధవారం దాకా పట్టింది. ఇరవయ్యొక్కేళ్ళ పంకజాక్షి నా నోటితో మాట్లాడుతుంటే ఇప్పటి పంకజాక్షి గడప మీద కూర్చొని శెనక్కాయలు వొలుస్తూ వింది.

"'కూరలో ఉప్పు లేకపోయినా ఈయన నాకు సెప్పడు, మజ్జిగ పోసుకొని తినేస్తాడు. అది సూస్తే నాకు ఏడుపొస్తాది...'"

"ఆ ముక్క వదిలేసి సదువయ్యా," అంది తలెత్తకుండా.

"రికార్డవుతా ఉండాది, వదలగూడదు," అన్నాను. ఆ ముక్క ఆ రోజే నాకు తెలిసింది. అది తెలియకుండానే చచ్చిపోయుండేవాణ్ణి.

చివరికి ఏడో చోటు ఖాళీగా మిగిలింది. పంకజాక్షిని మళ్ళీ రాయమన్నాను. మా అత్త ఒప్పుకోలేదు. "కాల్సినోడే రాయాల. నిజం రాయాల." రాశాను. సుజన చదివి వినిపించాక మా అత్త తన చేత్తోనే గుచ్చింది. చెప్పు మాత్రం తిరిగివ్వనంది. ఇన్నేళ్ళూ ఇంటికి దిష్టి తగలకుండా కాసిందట, నాకంటే అదే నయమట.

కాబట్టి నన్ను అడక్కండి. తిరుపతి కాలేజీలో నా దస్తూరీతోనే భద్రంగా ఉంది: "అత్తకు నమస్కారం. ఆ కోతిని నేనే."

ముసలాయనంటారా, తొంభై రెండో ఏట పోయాడు, పాపం.