నెమరు నిషేధం

ఒక పెద్ద అడవిలో ఎండ నడినెత్తికొస్తే పని ఆగిపోయేది. దుప్పులు, కణుజులు, అడవిదున్నలు ఎక్కడి నీడలో అక్కడ ఒరిగి, పొద్దున గబగబా మింగిన గడ్డిని తాపీగా నెమరేసుకునేవి. ఈ అలవాటుకు ఎవరూ పేరు పెట్టలేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది నక్కతో వచ్చింది. అది కొంతకాలం పట్నం శివార్లలో ఒక శిక్షణ కేంద్రం వెనక చెత్తకుప్ప మీద బతికి, అక్కడి విస్తళ్లతో పాటు ఉపన్యాసాలు కూడా నాకి వచ్చింది. వస్తూనే అడవిని ఏలే పులి దగ్గరికి వెళ్లింది.

"ప్రభూ, మన అడవి ఎందుకు ఎదగడం లేదో చూశారా? మధ్యాహ్నం అందరి నోళ్లూ ఆడతాయి, ఒక్కరి కాలూ ఆడదు."

పులి ఆవలించింది. రోజులో ముప్పాతిక భాగం అది పడుకునే ఉంటుంది. పెద్దవాళ్లు పడుకుంటే దాన్ని ఆలోచన అంటారు.

"అయితే ఏం చేద్దాం?"

"నెమరు నిషేధిద్దాం. ఆ వేళ ప్రతివాళ్లూ ఒక కొత్త విద్య నేర్చుకోవాలి. మిగతాది నాకొదిలెయ్యండి."

అలా నక్క ఆత్మవికాస అధికారి అయింది. మర్నాటి నుంచి దుప్పులు కొండముచ్చు దగ్గర చెట్లెక్కడం నేర్చుకున్నాయి. దున్నలు కోకిల దగ్గర రాగాలు తీశాయి. కోకిల రెండో రోజే గొంతు పోయిందని చెప్పి పొరుగడవికి ఎగిరిపోయింది.

ఆమధ్యే ఈనిన దుప్పి ఒకటి, చెట్టు మీంచి మూడోసారి జారిపడ్డాక నక్క దగ్గరికి వచ్చింది.

"నక్కన్నా, మేం మింగేది గడ్డి. నెమరేస్తేనే వంటబడుతుంది, పాలు పడతాయి. నా పిల్ల ఇంకా పాల మీదే ఉంది. దాని మొహం చూసైనా నన్ను కాసేపు పడుకోనివ్వు."

"మీతో వచ్చిన చిక్కే ఇది, చెల్లెమ్మా. ఎప్పుడో మింగినదాన్ని మళ్లీ పైకి తెచ్చుకుని నమలడమేమిటి? గతాన్ని వదిలెయ్యాలి."

"గతమేమిటయ్యా, పొద్దున తిన్నదేగా," అంది పక్కనున్న ముసలి దున్న.

"ఆ ఆలోచనే నిన్ను దున్నగా ఉంచేసింది, తాతా."

"మరి నా పిల్ల?" అంది దుప్పి.

"అమ్మ పాల మీద ఆధారపడ్డంత కాలం అది ఎదగదు. దానికీ స్వయంకృషి అలవాటు చెయ్యి."

దుప్పికి ఒళ్లు మండింది. కానీ అన్నది అధికారి. మళ్లీ చెట్టెక్కబోయింది.

వానలు బాగా కురిసి గడ్డి మోకాలెత్తు పెరిగిన ఆ ఏడాదే అడవికి ఎముకలు తేలాయి. తిన్నది కడుపులో రాయిలా ఉండిపోయేది. దుప్పికి పాలు ఎండిపోయాయి. పిల్ల లేచి నిలబడలేక తల్లి కాళ్ల దగ్గరే పడి ఉండేది.

ఇంతలో పులి ఒక మగ దుప్పిని కొట్టి తెచ్చుకుంది. ఎటు కొరికినా పంటికి ఎముకే తగిలింది.

"అడవికి కరువొచ్చిందా?" అని నక్కను పిలిచి అడిగింది.

"లేదు ప్రభూ, వికాసం వచ్చింది."

"ఆ వికాసమేదో నువ్వు తిను. నాకు మాంసం కావాలి."

సాయంత్రానికల్లా నక్క విశ్రాంతి అధికారి అయింది. "పనిచేసేవాళ్లకి విశ్రాంతే ప్రాణం. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే," అని చాటింపు వేసింది. అయితే ఇక ఎవరి నీడలో వాళ్లు పడుకోవడానికి లేదు. అందరూ వాగు పక్క మైదానంలో ఒక్కచోట చేరి, కళ్లు మూసుకుని, నక్క చెప్పినట్టు ఊపిరి పీలుస్తూ నెమరెయ్యాలి.

"ఎంతైనా మన కష్టం కనిపెట్టే ప్రభువు," అని ముసలి దున్న కళ్లొత్తుకుంది. తమ నిద్ర తమకి తిరిగిచ్చినందుకు జంతువులన్నీ పులికి దండాలు పెట్టాయి. నవ్వకండి, మనమైనా అదే చేస్తాం.

దుప్పికి పాలు పడ్డాయి. పిల్ల గంతులేసింది. తల్లి కూడా మనసులో పులిని దీవించింది. పులి రోజూ పొద చాటు నుంచి చూసి వెళ్తుంటే, మన బాగు కోసమే కాబోలు అనుకుంది.

ఒకనాడు ఆ పొద వెనక మాటలు దుప్పి చెవిన పడ్డాయి.

"ఆ దుప్పి పిల్ల భలే కోలుకుంది. రేపు మధ్యాహ్నం వస్తాను. అందరిచేతా కళ్లు గట్టిగా మూయించు."

"చిత్తం ప్రభూ," అంది నక్క గొంతు.

మర్నాడు నక్క వాగు గట్టు మీదికెక్కి, అందరికీ చూపించడానికి ముందు తనే కళ్లు మూసుకుంది. మైదానమంతా కళ్లు మూసుకుంది. దుప్పి మాత్రం పిల్లను పొట్ట కింద ఉంచుకుని పొద వంకే చూస్తూ నిలబడింది. ఆకు కదిలిందో లేదో, కాలు నేలకేసి కొట్టి అరిచింది. చాలా రోజులుగా తిన్నది వంటబట్టిన మంద కదా, ఒక్క ఉదుటున లేచి వాగు దాటేసింది. పిల్ల అందరికంటే ముందుంది.

"కంగారు పడకండి. ఊపిరి మీద ధ్యాస పెట్టండి," అంటోంది నక్క, కళ్లు తెరవకుండానే.

మైదానంలో పులీ నక్కా మిగిలాయి. రెండు పదవులు చేసినా ఒళ్లు వంచలేదేమో, నక్క నున్నగా ఉంది. నక్క మాంసం కంపంటారు గానీ, ఆకలి రుచి ఎరుగదు.

నీతి: మీ విశ్రాంతి గురించి మీకంటే మీ పై అధికారికే బెంగ ఎక్కువైతే, ఒక కన్ను తెరిచి పడుకోండి.