ఎనిమిది దాకా మౌనం

ఆ ఉదయం ఊ ఫో టిన్ అనే పెద్దాయనకు పని ఒక్కటే. ఎనిమిది గంటల దాకా నోరు విప్పకూడదు. ఏడాది క్రితం భార్య పోయిన గడియ అది. అప్పటికి తొమ్మిది రోజుల మౌనం పూర్తవుతుంది, ఆ పుణ్యం ఆమెకు పంచాలి. ఒక్క మాట జారినా అంతా బూడిదే. ఇప్పటిదాకా కష్టమేమీ కాలేదు. యాంగోన్‌లోని ఆ మూడో అంతస్తు గదికి వచ్చి ఆయన్ని పలకరించినవాళ్లు లేరు.

ఏడున్నరకు వసారాలోంచి వీధిలోకి వేలాడే తాడు కదిలి, గంట మోగింది. కింద వీధిలో మొహింగా, అంటే చేపల చారులో సేమ్యా, అమ్మే మా న్యుంట్ సేన్ అనే ఆవిడ ఆయన సంచిని తాడుకు కట్టింది. ఆఖరి రోజు కదా, తాడు లాగడం కూడా ధ్యానంగానే చేద్దామనుకున్నాడు. జానెడు లాగాడు. ఆగాడు. ఊపిరి గమనించాడు. మళ్లీ జానెడు.

"బాబాయ్! చేతికేమైంది? చారు చల్లారిపోతోంది!"

సంచి ఇంకో జానెడు లేచింది.

"అయ్యో, పక్షవాతం!"

ఆమె రిక్షా తొక్కే కో ట్వేని వెంటేసుకుని పైకి పరుగెత్తింది. ఊ ఫో టిన్ ఒక్కో అడుగూ గమనిస్తూ వచ్చి తలుపు తీసేసరికి రెండు నిమిషాలు పట్టింది.

"ధ్యానమేమో అక్కా?" అన్నాడు కో ట్వే.

"ధ్యానమైతే ఆశ్రమానికి పోతారు. మొహింగా లాగుతూ ఎవడు చేస్తాడ్రా!"

సంగతి చెప్పడానికి ఆయన భార్య ఫొటో వైపు వేలు చూపాడు.

"పిన్ని దగ్గరికి పోతానంటున్నాడు!" ఆమె భోరుమంది.

అంతే. అన్ని అంతస్తుల వాళ్లూ వచ్చేశారు. ధర్మసంఘం అంబులెన్సు వచ్చింది. ఆయన్ని స్ట్రెచర్‌కు కట్టేశారు. మెట్ల మలుపులో అది ఇరుక్కుంది. ఊ ఫో టిన్ పళ్లు బిగించాడు.

ఎవరింట్లోనో రేడియో ఎనిమిది కొట్టింది. ఆయన కళ్లు మూసుకుని పుణ్యాన్ని భార్యకు పంచాడు. తర్వాత నోరు తెరిచాడు.

"దింపండి. నాకేం కాలేదు. మౌనవ్రతంలో ఉన్నాను."

"వ్రతమా! ఎప్పట్నుంచి?"

"తొమ్మిది రోజులైంది, అమ్మాయ్."

"ఊరుకో బాబాయ్! రోజూ నీ గుమ్మం ముందే తిరుగుతాం. తొమ్మిది రోజులు నువ్వు మాట్లాడకపోతే మాకు తెలీదా?"

మాట పూర్తయ్యాక ఆమెకే ఏదో తట్టింది. కో ట్వే తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఆ మెట్ల మీద పద్నాలుగు మంది, ఏ వ్రతమూ పట్టకుండానే, చాలాసేపు మౌనం పాటించారు.