నోరా గారింట్లో లేని మగమనిషి

నాకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. దొంగను నమ్మించడానికి ఆడిన అబద్ధం కూడా పాపమేనా? ఆ మాట దొంగ చెవిన మాత్రమే పడేటట్టు చెప్పలేం కదా, పైవాడికీ వినపడుతుంది. మా చర్చి పాస్టరమ్మను అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, వచ్చే ఆదివారం కేకు ఎవరు తెస్తున్నారని అడిగింది. నోరా హార్‌గ్రీవ్స్ గారి వ్యవహారం చూశాక ఆ సందేహం ఇంకొంచెం ముదిరింది.

లాంకషైర్‌లో మాది పాత మిల్లుల ఊరు. మా వీధిలో ఒకసారి దొంగలు పడ్డప్పటి నుంచి ఒంటరిగా ఉండే ఆడవాళ్ళందరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దాన్ని కనిపెట్టింది నోరా పక్కింటి మేవిస్. గుమ్మం దగ్గర మగవాళ్ళ బూట్లు ఉండాలి. దండెం మీద మగ చొక్కా ఆరుతూ ఉండాలి. బెల్లు మోగితే లోపలికి తిరిగి మొగుణ్ణి కేకెయ్యాలి. కొత్తవాళ్ళ ముందు ఒంటరిదాన్నని చచ్చినా ఒప్పుకోకూడదు. నోరా భర్త హెరాల్డ్ పోయి ఆరేళ్ళయింది. ఆయన పాదాలు చిన్నవి, ఆ బూట్లు చూసి ఏ దొంగా జంకడు. అందుకని ఆమె చర్చిలో పాత సామాన్లు అమ్మినప్పుడు ఏనుగు పాదాలంత బూట్లు కొనుక్కొచ్చింది. వాటిలో ఒక లోపం ఉండబట్టి చవగ్గా వచ్చాయి. గుమ్మంలో పడి ఉండటానికి ఆ లోపం అడ్డు కాదు.

ఆ గురువారం ఉదయం నోరా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి అద్దె పెరిగింది. ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం కూడా పెంచమని ఫారం పెట్టాలి. చర్చి హాలులో విల్‌ఫ్రెడ్ హావర్త్ గారు ఫారాలు నింపిపెడతారు. ఆ పని చూసుకుని, వస్తూ వస్తూ చేప, చిప్స్ తెచ్చుకోవాలి.

విల్‌ఫ్రెడ్ గారు రిటైరైన పోస్టుమాస్టరు. భార్య ఎప్పుడో పోయింది. మనిషి మంచివాడు, మర్యాద మరీ ఎక్కువ, వినికిడి తక్కువ. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదేమోనని గట్టిగా అడుగుతారు.

"ఇంట్లో ఒక్కరే ఉంటారా, హార్‌గ్రీవ్స్ గారూ?" అన్న ప్రశ్న హాలంతా మోగింది.

టీ కోసం వరసలో నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. నిచ్చెన మీద హీటరు బాగుచేస్తున్న కొత్త మనిషి కూడా తిరిగాడు. నోరా ఆ మనిషి వైపు చూస్తూ, అతనికీ వినపడేటట్టు చెప్పింది. "ఒక్కదాన్నా? మా ఆయన ఉండగా నాకేం ఖర్మ? భారీ మనిషి. కోపం కూడా జాస్తి."

విల్‌ఫ్రెడ్ గారి కలం ఒక్క క్షణం ఆగింది. హెరాల్డ్ సమాధి దగ్గర నిలబడ్డవాళ్ళలో ఆయనా ఒకరు. అయితే ఈమె మళ్ళీ పెళ్ళి చేసుకుందన్నమాట. ఎవరిని, ఎప్పుడు అని అడగడం మర్యాద కాదు. "సంతోషం" అన్నారు, అంత సంతోషం కనపడకుండా. భాగస్వామి ఉన్నారు అనే చోట గుర్తు పెట్టారు. పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు. తన నాటకానికి ఆయన తోడొస్తున్నారని నోరా అనుకుంది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది కాబట్టి ఆయన వేలు చూపించిన చోట సంతకం చేసేసింది.

కొద్దిరోజులకు ఉత్తరం వచ్చింది. మీరు ఒంటరిగా ఉన్నామని సాయం తీసుకుంటూ ఇంట్లో భాగస్వామి ఉన్నారని రాశారు, కాబట్టి సాయం ఆపుతున్నాం, అజాగ్రత్తగా తప్పుడు వివరాలిచ్చినందుకు యాభై పౌండ్ల జరిమానా వేయదలిచాం, మంగళవారం మా అధికారి వస్తారు, అని దాని సారాంశం. నోరా లెక్కలేసుకుంది. యాభై పౌండ్లు ఎలాగో కట్టొచ్చు. అద్దె సాయం పోతే మాత్రం ఇల్లు ఖాళీ చేసి, సముద్రం పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి పోవాలి. ఆ చెల్లెలు రేడియోకి కూడా సలహాలిచ్చే రకం.

మంగళవారం పొద్దున్నే మేవిస్ రంగంలోకి దిగింది. "ముందు ఆ బూట్లు ఇటియ్యవే" అని లాక్కుని, దండెం మీద చొక్కా కూడా చుట్టబెట్టుకుని తన ఇంటికి పట్టుకుపోయింది. తరవాత విల్‌ఫ్రెడ్ గారికి ఫోను చేసి, వెంటనే వచ్చి అధికారికి సాక్ష్యం చెప్పమంది. సాక్ష్యం దేనికో ఆయనకు సగమే వినపడింది. రెండోసారి అడగడం మర్యాద కాదని బయలుదేరారు.

బయట కుండపోత. ఆయన దగ్గర గొడుగు లేదు. నోరా గుమ్మంలోకి వచ్చేసరికి ప్యాంటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఈ వయసులో జలుబు పట్టుకుంటే ప్రమాదమని నోరా బలవంతాన ఆయనకు హెరాల్డ్ ప్యాంటు ఇచ్చి, తడిది హీటరు మీద ఆరేసింది. హెరాల్డ్ నడుము విల్‌ఫ్రెడ్ గారికి రెండింతలు. ఆయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

ఇంతలో మేవిస్‌కి ఒక సంగతి తట్టింది. అద్దె సాయం తనకీ వస్తోంది. అధికారి పనిలో పనిగా తన తలుపూ తడితే? వెంటనే ఆ బూట్లు తెచ్చి, నోరాకు చెప్పకుండా ఆమె గుమ్మంలో పెట్టేసి పారిపోయింది.

బెల్లు మోగింది. అధికారి అరగంట ముందే వచ్చింది. ఆరేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? నోరా లోపలికి తిరిగి కేకేసింది. "హెరాల్డ్, ఎవరో వచ్చారు చూడు!"

వచ్చినమ్మాయి పేరు సాదియా మాలిక్. ఆమె ముందు గుమ్మంలో బూట్లు చూసింది. తరవాత హీటరు మీద ప్యాంటు చూసింది. ఆఖరికి కుర్చీలో పెద్దమనిషిని చూసింది.

"మీరేనా హెరాల్డ్ గారు?"

"కాదమ్మా. హెరాల్డ్ పోయాడు" అన్నారు విల్‌ఫ్రెడ్ గారు. నోరా ఊపిరి పీల్చుకునేలోపే నిజాయితీగా ఇంకో మాట కలిపారు. "ఇప్పటాయన వేరే. నేనింకా చూడలేదు. భారీ మనిషట."

సాదియా కలం తీసింది. "అంటే మీరు కాక ఇంకొకరు."

నోరా అక్కడే కూలబడి, దొంగల దగ్గర మొదలుపెట్టి హీటరు బాగుచేసే మనిషి దాకా అంతా చెప్పేసింది. విల్‌ఫ్రెడ్ గారు అంతా విని, "అయితే ఆయన లేడా?" అన్నారు. ఒకడు లేడని తెలిసి అంతగా ఆనందించిన మనిషిని సాదియా తన ఉద్యోగంలో చూసి ఉండదు. ఆయన వెంటనే గొంతు సవరించుకుని, రాసింది తన చెయ్యి కాబట్టి జరిమానా తన మీద వేయమన్నారు.

"జరిమానా సంగతి తరవాత, బాబాయ్ గారూ. ఈమెకు కాస్త టీ కలుపుదాం, చెంచా తెస్తారా?"

ఆయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని వంటగదిలో సొరుగులన్నీ లాగి చూసి, ఆఖరికి గరిటె తెచ్చారు. చెంచా ఎక్కడుందో తెలియని మనిషి ఈ ఇంటివాడు కాదని సాదియా రాసుకుంది. తరవాత గుమ్మంలోకి వెళ్ళి బూట్లు తిరగేసి చూసింది. అవి రెండూ ఎడమకాలివే.

"ఇవి తొడుక్కునే మొగుడు ఈ భూమ్మీద లేడు, తల్లీ" అంది నోరా, కళ్ళు తుడుచుకుంటూ.

సాదియా నవ్వాపుకోలేకపోయింది. వాళ్ళ నానమ్మ కూడా గుమ్మంలో తాతగారి చెప్పులు పెడుతుందట. పొరపాటుకు తగిన కారణం ఉంటే జరిమానా ఉండదని, కారణం తాను రాసుకుంటానని, అద్దె సాయం మళ్ళీ వస్తుందని చెప్పింది. ఇకమీదట ఫారాలు తలుపు మూసి నింపండి, నోరు మూసి కాదు, అనుమానం వస్తే అడగండి, అని విల్‌ఫ్రెడ్ గారికి మెల్లగా ఒక చీవాటు కూడా పెట్టింది.

ఆమె వెళ్ళాక నోరాకు ఒక అనుమానం వచ్చింది. "గొడుగు లేకుండా ఎలా బయలుదేరారండీ ఇంత వానలో?"

విల్‌ఫ్రెడ్ గారు ప్యాంటు ఇంకాస్త పైకి లాక్కున్నారు. హెరాల్డ్ అంత్యక్రియల రోజున సమాధి దగ్గర ఆమెకు గొడుగు ఇచ్చానని, అది తిరిగి అడగడం మర్యాద కాదేమోనని, నసుగుతూ చెప్పారు.

నోరా మెట్ల కింద అలమర తెరిచింది. నల్ల గొడుగు, పిడి మీద ఆయన పేరు చెక్కే ఉంది. దుమ్ము దులిపి ఆయన చేతిలో పెట్టి, వచ్చే మంగళవారం భోజనానికి రమ్మంది.

ఆయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హెరాల్డ్ ప్యాంటు పట్టుకుని నిటారుగా వీధిలో నడిచి వెళ్ళారు. వాన అప్పటికే వెలిసింది.