చదివినట్టుగా భావించడమైనది

కూరింగ ఊరి పాత చిన్న మోటారు సైకిళ్ల సంరక్షణ సంఘం తన సభ్యులకు, శ్రేయోభిలాషులకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, గడిచిన సంవత్సరంలో సంఘానికి చెందిన బళ్లలో ఒక్కటి కూడా దారిలో ఆగిపోలేదు. దారి మీదికి వచ్చింది ఒక్కటే బండి కావడం ఇందుకు కొంత తోడ్పడింది.

సంఘంలో నలభై రెండు బళ్లున్నాయి. అన్నీ ఎనభైల నాటివి, నూట పాతిక సీసీ దాటనివి. వయసులో ఉన్నప్పుడు గొర్రెల వెనకాల, పాల క్యాన్ల కింద, గోధుమ చేల గట్ల మీద ఎముకలు అరిగేలా తిరిగిన ప్రాణాలు. వాటిని మళ్లీ తిప్పకపోవడమే సంరక్షణ అని సంఘం నిర్వచించుకుంది. ప్రతి ఏటా వసంతంలో పోటీ పెడతారు. సభ్యులు బళ్లను ట్రైలర్లలో దుప్పట్లు కప్పి తెచ్చి, హాలు ముందున్న పచ్చిక మీద దించి, టూత్‌బ్రష్షులతో ఆఖరి దుమ్ము తుడుస్తారు. అసలు స్థితికి ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. అధ్యక్షులు నెవిల్ ట్రెలోర్ గారి ఎనభై నాలుగు నాటి నీలం బండి వరసగా తొమ్మిదేళ్లు మొదటి బహుమతి కొట్టింది. దాని టైర్లలో ఉన్నది ఎనభై నాలుగులో కొన్ననాటి గాలేనట. ఆ గాలి కోసం పక్క ఊళ్ల సంఘాల వాళ్లు కూడా వచ్చి, టైరు మీద చెయ్యి వేసి చూసి, టోపీ తీసి వెళుతుంటారు.

నేను సంఘం కార్యదర్శి బెవన్ షుల్ట్స్ భార్యను. కార్యదర్శి చేతిరాత కార్యదర్శికే తెలియదు కాబట్టి సమావేశాల మినిట్స్ రాయడం, టీలోకి స్కోన్లనే చిన్న రొట్టెలు కాల్చడం ఇరవై రెండేళ్లుగా నా వంతు. స్కోన్ల మీద అభిప్రాయాలు చాలా వచ్చాయి. మినిట్స్ మీద ఒక్కటి కూడా రాలేదు. అందుకు మా పద్ధతే కారణం. నెలలో మొదటి ఆదివారం పొద్దున పదింటికి హాల్లో కూర్చోగానే నెవిల్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "కిందటి సమావేశం మినిట్స్ చదివినట్టుగా భావిద్దాం" అంటారు. ఒకరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు, అందరూ చెయ్యెత్తుతారు, నెవిల్ సంతకం పెడతారు. కళ్లజోడు బల్ల మీదే ఉంటుంది. కెటిల్‌లో నీళ్లు మరిగేలోపు ఇదంతా పూర్తయిపోతుంది.

ఇక నియమాల సంగతి. పాత బండికి ప్రభుత్వం వారు సంఘం ప్లేటు అని ఒక నంబరు ప్లేటు ఇస్తారు. అది ఉంటే మామూలు రిజిస్ట్రేషన్ పరీక్షలు అక్కర్లేదు. ఆ పరీక్షలకు నిలిచే వయసు ఆ బళ్లకూ లేదు. అయితే ఆ ప్లేటుతో సంఘం ఆమోదించిన సవారీలకు మాత్రమే బయటికి రావాలి. సవారీ అంటే ముందు ఒక నాయకుడు ఉండాలి, వెనకబడిన వాళ్లను చూసుకోవడానికి ఆఖర్న ఒకరు ఉండాలి, మధ్యలో టీ ఉండాలి, అన్నిటికీ మించి మినిట్స్‌లో ఉండాలి. సంఘంలోంచి తీసేస్తే ప్లేటు పోతుంది. ప్లేటు పోతే బండి కదలదు. నలభై ఒక్క మంది సభ్యులకు ఇది పెద్ద ఇబ్బంది కాదు.

నలభై రెండో సభ్యురాలు డోరీన్ పాస్కో. వయసు డెబ్భై ఒకటి. ఆమె బండి నూట పది సీసీ ఎర్రబండి, ఒకప్పుడు పోస్టుమాన్లు నడిపిన రకం. ఆమె భర్త లెస్ దాని మీదే ముప్ఫై ఏళ్లు మా ఊరికి ఉత్తరాలు వేశాడు. ఇప్పుడు లెస్ పందొమ్మిది కిలోమీటర్ల అవతల పోర్ట్ గార్విన్‌లో నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. అతనికి భార్య ముఖం గుర్తులేదు, పేరు గుర్తులేదు, ఎవరేం పెట్టినా నోరు తెరవడు. ఎర్రబండి చప్పుడు మాత్రం గుర్తుంది. అది రెండు మలుపుల అవతల వినిపించగానే కుర్చీ కిటికీ వైపు తిప్పమంటాడు. ఆ తరవాత ఆమె ఇచ్చిన సూపు తాగుతాడు. అక్కడి డాక్టరుగారి మందుల జాబితాలో ఈ మందు లేదు కనుక ఆయన దీన్ని పరిగణనలోకి తీసుకోలేదు. డోరీన్‌కి కారు నడపడం రాదు. బస్సు గురువారాలే వస్తుంది. గురువారం నాడు ఇంటి సామాన్లు కూడా తెచ్చుకోవాలి కాబట్టి ఆమె బస్సులో వెళుతుంది, ఆరోజు లెస్ సూపు ముట్టడు.

రెండేళ్ల కిందట మార్చి సమావేశంలో డోరీన్ లేచి, నేను మా ఆయన దగ్గరికి బండి మీద వెళ్లొచ్చా అని అడిగింది. ఇది చాలా లోతైన విషయమని, అన్ని కోణాల నుంచీ పరిశీలించాలని నెవిల్ అన్నారు. అప్పుడే స్కోన్లు వచ్చాయి. "ప్రస్తుతానికి రాసుకోండి" అని నా వైపు చూసి లేచారు.

నేను రాసుకున్నాను.

పోయిన జూన్‌లో వార్షిక ప్రకటనలు వచ్చాయి. ప్రతి సభ్యుడూ తన బండి ఏడాదిలో ఎంత తిరిగిందో రాసి ఇవ్వాలి. చాలామంది సున్నా రాశారు. సంతకం పక్కన సున్నా చాలా అందంగా ఉంటుంది. ఒకాయన రెండు అని రాసి, ట్రైలర్ ఎక్కిస్తుండగా పొరపాటున జరిగిందని క్షమాపణ పత్రం జతపరిచారు. డోరీన్ కాగితం మీద పదకొండు వేల ఎనిమిది వందల తొంభై నాలుగు అని ఉంది. పాపం ఆమె మీటరు పాడైపోయిందని కమిటీ సానుభూతి తెలిపింది. బెవన్ దగ్గర ఆ కాలం నాటి మీటరు ఒకటి ఉంది, ఇస్తానన్నారు కూడా.

"మీటరు బాగానే ఉంది బెవన్" అంది డోరీన్. "బండి నడిపితే తిరుగుతుంది. నీదీ తిరుగుతుంది, ఒకసారి చూడు."

దాంతో కమిటీకి విషయం బోధపడింది. ఆగస్టు సమావేశానికి ఒకటే అంశం పెట్టారు: సభ్యురాలు డోరీన్ పాస్కోను నియమోల్లంఘన కారణంగా సంఘం నుంచి తొలగించుట.

ఆరోజు ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. డోరీన్ మొదటి వరసలో కూర్చుంది, ఒళ్లో హెల్మెట్, హెల్మెట్‌లో గుమ్మడికాయ సూపు ఫ్లాస్కు. బయట ఆమె బండి ఒక్కటే నిలబడి ఉంది. సంఘం హాలు ముందు పోటీ లేని రోజున మోటారు సైకిలు ఉండడం చూసి ఇద్దరు సభ్యులు ముందు దారి తప్పామనుకున్నారు.

"పన్నెండుకి నేను లెస్ దగ్గర ఉండాలి" అంది డోరీన్. "ఎదురుగాలి కూడా ఉంది. తేల్చేదేదో తొందరగా తేల్చండి."

నెవిల్ లేచారు. ఆయన తొందరగా తేల్చే మనిషి కాదు.

"మిత్రులారా, ఇది నాకు వ్యక్తిగతంగా చాలా బాధాకరమైన రోజు. డోరీన్ మీద నాకు ద్వేషం లేదు. లెస్ మా ఇంటికి ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు వేశాడు, ఒక్కటి కూడా తడవనివ్వలేదు. కానీ ఇవాళ ఒకరు సూపు కోసం బయల్దేరితే రేపు ఇంకొకరు రొట్టె కోసం బయల్దేరతారు. ఎల్లుండి ఊరికే సరదాకి బయల్దేరతారు. అప్పుడు మన వారసత్వం ఏం కావాలి? బండి నడపడం ఎవరైనా నడుపుతారు మిత్రులారా. నడపకుండా నిగ్రహించుకోవడానికి సంస్కారం కావాలి."

చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నారు, ఆయన బండి పంతొమ్మిది వందల తొంభై ఆరు నుంచి నిగ్రహించుకుంటోంది. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. డోరీన్ గడియారాన్నే చూస్తోంది. ఆమె హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం చూశాను. నేను మినిట్స్ పుస్తకం తెరిచి, నియమం ప్రకారం ఆమోదం లేని సవారీ అనాలంటే ముందు ఆమోదించిన సవారీలు ఏమిటో చూడాలి కదా, పాత మినిట్స్ ఒకసారి చదవమంటారా అని అడిగాను.

మినిట్స్ చదవగలిగే వస్తువని చాలామందికి తట్టలేదు. వద్దనడానికి నియమావళిలో దారి లేక నెవిల్ తల ఊపారు. చదివాను.

"పోయిన ఏడాది మార్చి. తీర్మానం నాలుగు. శ్రీమతి పాస్కో గురువారం తప్ప ప్రతిరోజూ కూరింగ నుంచి పోర్ట్ గార్విన్‌కు చేసే ప్రయాణం సంఘపు అధికారిక సవారీగా గుర్తించడమైనది. నాయకురాలు శ్రీమతి పాస్కో. ఆఖరున వచ్చువారు శ్రీమతి పాస్కో. టీ నర్సింగ్ హోమ్‌లో. ప్రతిపాదించినవారు ఎన్. ట్రెలోర్. బలపరిచినవారు బి. షుల్ట్స్. ఏకగ్రీవం."

కింద ఉన్న సంతకాన్ని నెవిల్‌కు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. ఒక లామింగ్టన్ కేకు తినేంతసేపు దాన్ని చూశారు. ఆ సంతకం తనది కాదని ఆయన అనవచ్చు. చదవకుండా పెట్టాననవచ్చు. ఇరవై రెండేళ్ల సంతకాలు ఆ పుస్తకంలో వరసగా ఆయన్నే చూస్తున్నాయి.

"నాకు గుర్తుంది" అన్నారు నెవిల్.

అది వినగానే జ్ఞాపకశక్తి హాలంతా పాకింది. బెవన్‌కి తాను బలపరిచినట్టు గుర్తొచ్చింది, ఆరోజు వాన పడిందని కూడా గుర్తొచ్చింది. వెనక వరసలో ఆయనకు తాను రెండు చేతులూ ఎత్తినట్టు గుర్తొచ్చింది. అసలీ సవారీ ఆలోచనే తనదని నెవిల్ ముగించేసరికి పదకొండున్నర దాటలేదు. డోరీన్ నా వైపు ఒక్కసారి చూసి, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది. పన్నెండుకి రెండు నిమిషాల ముందు చేరిందట.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ సంఘాలన్నిటికీ పైన ఒక మహాసంఘం ఉంది. దానికి మా లెక్క వెళ్లింది: ఏడాదిలో మూడు వందల పదమూడు అధికారిక సవారీలు. రెండో స్థానం వచ్చిన సంఘానివి నాలుగు. దేశంలోకెల్లా చురుకైన సంఘమని కూరింగకు ఇత్తడి ఫలకం వచ్చింది, నెవిల్ ఫోటో పేపర్లో వచ్చింది. అందులో ఆయన ఎర్రబండి హ్యాండిలు పట్టుకుని ఉన్నారు. ఆయనకు స్టాండు తియ్యడం తెలియక ఫోటోగ్రాఫర్ సాయం పట్టాడు.

అక్టోబరు సమావేశంలో డోరీన్‌కు శాలువా లాంటిదొకటి కప్పి, జీవితకాల సభ్యత్వం ఇచ్చారు. ఆ తరవాత నెవిల్ ఇంకో తీర్మానం పెట్టారు. ఇంత కీర్తి తెచ్చిన బండిని ఇలా ఎండకీ ఉప్పుగాలికీ వదిలెయ్యడం నేరం. పెట్రోలు, ఆయిలు వంచేసి, ఊరి కౌన్సిల్ భవనం ముందు గదిలో అద్దాల పెట్టెలో శాశ్వతంగా ఉంచాలి. ఇకమీదట దానికి ఎవరూ కిక్ కొట్టరాదు. చప్పట్లు ఆగలేదు.

"మరి నేను దేని మీద వెళ్లాలి నెవిల్?" అంది డోరీన్.

నెవిల్ ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "డోరీన్, నువ్విప్పుడు చరిత్రవి. చరిత్ర ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు."

"లెస్‌కి ఆ ముక్క నువ్వొచ్చి చెబుతావా?"

ఆయన వినలేదు, అప్పటికే చేతులు లెక్కపెడుతున్నారు. ఒక్క చెయ్యి తప్ప అన్నీ లేచాయి. ఆమెను తొలగించాలనుకున్న రోజు వచ్చిన మనుషుల కంటే రెండు చేతులు ఎక్కువే. తొలగిస్తామన్నప్పుడు కూడా డోరీన్ ముఖం అంతగా పాలిపోలేదు. స్కోన్లు వచ్చాయి. "రాసుకోండి" అన్నారు నెవిల్.

నేను రాసుకున్నాను.

నవంబరు మొదటి ఆదివారం పదింటికి నెవిల్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ప్రతిపాదించారు, బలపరిచారు, చేతులెత్తారు, సంతకం పెట్టారు. కాపీ కౌన్సిల్‌కు పంపాను. పది రోజుల తరవాత కౌన్సిల్ వాళ్లు అద్దాల పెట్టె సిద్ధమైందని, సంఘం తీర్మానం ప్రకారం బండిని తీసుకెళతామని లారీతో వచ్చారు. వచ్చింది నెవిల్ ఇంటికి. సంఘంలోకెల్లా అసలు స్థితిలో ఉన్న, అన్నిటికన్నా తక్కువ తిరిగిన బండిని గాలితో సహా శాశ్వతంగా అద్దాల పెట్టెలో ఉంచాలని, ఎర్రబండి సవారీలు యథాప్రకారం సాగాలని ఆ కాగితంలో ఉంది. కింద సంతకం ఉంది.

నెవిల్ దాన్ని వాకిట్లో నిలబడి రెండుసార్లు చదివారట. తరవాత లోపలికి వెళ్లి టై కట్టుకుని వచ్చారు.

"నాకు గుర్తుంది" అన్నారు.

ఇప్పుడు నీలం బండి అద్దాల వెనక ఉంది. గాలికి విడిగా ఒక చిన్న ఫలకం పెట్టారు. నెవిల్ రోజూ వెళ్లి అద్దం తుడిచి వస్తారు, మునుపటి కంటే సంతోషంగా ఉన్నారు. డోరీన్ గురువారం తప్ప రోజూ పదకొండుంబావుకి మా వీధి మీదుగా వెళుతుంది. గాలి ఎదురైతే మాగ్‌పై పిట్టలు ఆమెను దాటిపోతుంటాయి. రెండు మలుపుల అవతల చప్పుడు వినగానే లెస్ కుర్చీ తిప్పమంటాడు. ఆమె లోపలికి రాగానే, ఇవాళ ఉత్తరాలు ఎక్కువున్నాయా అని అడుగుతాడు. ఉన్నాయంటుంది. సూపు తాగుతాడు.

మా మినిట్స్ పుస్తకం హాల్లో తాళం లేని బీరువాలో ఉంది. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఇంతవరకూ ఎవరూ రాలేదు. నాకేమీ భయం లేదు. ఇది చదువుతున్న మీకు మాత్రం ఒక్క మాట. కిందటి ఆదివారం మీ అపార్టుమెంటు సంఘంలోనో, మీ కాలనీ కమిటీలోనో మీరు కూడా చెయ్యెత్తే ఉంటారు. దేనికి ఎత్తారో, అది ఎవరు రాశారో, అందులో ఏముందో గుర్తుందా?

ఉంటుందిలెండి. మా నెవిల్‌కి కూడా గుర్తుంది.