ఆగిన చోట నవ్వవలెను

బాల్యం అనేది చాలాకాలంగా ఖాళీగా పడివున్న పోస్టు. జీతం లేదు, టార్గెట్ లేదు, పైన అధికారి లేడు. పొద్దున లేస్తే గోడ మీద చీమ ఎటు పోతోందో చూడటం, సాయంత్రం అది తిరిగొచ్చిందో లేదో చూడటం. పదమూడు పద్నాలుగేళ్లపాటు ఒక మనిషిని ఇలా ఊరికే కూర్చోబెట్టి మేపడం ఎవరికైనా గిట్టుబాటవుతుందా? కన్న పాపానికి ఇన్నాళ్లూ నోరు మూసుకుని భరించాం.

ఇప్పటికి మన మొర ఆలకించినవాళ్లు వచ్చారు. మా అమ్మాయి చదివే బడికి ఒక స్వచ్ఛంద సంస్థవారు ప్రతి శుక్రవారం వచ్చి, ఏడో తరగతి పిల్లలకు డబ్బు సంగతులూ ఉద్యోగ నైపుణ్యాలూ ఉచితంగా నేర్పుతున్నారు. పసిపిల్లలకు ఇప్పట్నుంచే ఇవన్నీ ఎందుకని కొందరు మూతి ముడుస్తున్నారు. అలాంటివారి నోళ్లు మూయించడానికే ఈ వారం కాలమ్ కేటాయిస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. నాకు నలభై నాలుగేళ్లు. చక్రవడ్డీ ఎలా లెక్కకడతారో నాకు ఇప్పటికీ తెలియదు, కట్టడం మాత్రమే తెలుసు. మా అమ్మాయికి పన్నెండేళ్లకే తెలిసిపోయింది! రెండో శుక్రవారం గడిచేసరికి ఇంట్లో ఉన్నవన్నీ 'అవసరం', 'కోరిక' అని రెండుగా విడదీసేసింది. బియ్యం డబ్బా అవసరం. టీవీ కోరిక. నేను తాగే మూడో కప్పు టీ కోరిక. మరి నేనో అని అడగబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను.

మా అమ్మ మనవరాలికి అన్నం పెడుతూ కథ చెబుతుంది. అనగనగా ఒక రాజు, కూతురి జబ్బు నయం చేసినవాడికి అర్ధరాజ్యం ఇస్తానని చాటింపు వేయించాడు. ఇంతలో మా అమ్మాయి చెయ్యెత్తింది. ఇంట్లో కూడా చెయ్యెత్తే మాట్లాడమన్నారట.

"నాయనమ్మా, జబ్బులూ గట్రా వస్తాయని ఆయన ముందే కొంచెం పక్కన పెట్టుకోలేదా?"

"రాజే, ఆయనకేం కొదవ?"

"సగం ఇచ్చేస్తే మిగతా సగంతో ఎలా నడుస్తుంది? రెండో కూతురికీ జబ్బు చేస్తే?"

మా అమ్మ నలభై ఏళ్లుగా చెబుతున్న కథ అది. ఆ రాజు ఇంత చిక్కుల్లో ఉన్నాడని ఆవిడకు తట్టనే లేదు. నాలుగు రోజులు ఆయన గురించే దిగులుపడింది.

ఎదురింటి దర్జీగారి కొడుకు మా అమ్మాయి క్లాసే. కూరగాయలు తెచ్చిపెట్టి, తల్లిని డెలివరీ చార్జీలు అడిగాడు. ఆవిడ మాత్రం తక్కువ తిందా? తొమ్మిది నెలలకు గది అద్దె లెక్కగట్టి చేతిలో పెట్టింది. ప్రస్తుతం ఇద్దరూ వాయిదాల గురించి చర్చించుకుంటున్నారు. తల్లీ కొడుకూ ఒకచోట కూర్చుని అరగంట మాట్లాడుకోవడం ఈ రోజుల్లో ఎన్ని ఇళ్లలో చూస్తున్నాం చెప్పండి?

ఇక నైపుణ్యాల సంగతి. ఇక్కడ నా సొంత గోడు కొంత చెప్పుకోవాలి. గోడు అన్నానా? భాగ్యం అని చదువుకోండి.

ఈ కాలమ్‌కు తొలి శ్రోత మా అమ్మాయి. ఆదివారం పొద్దున నేను రాసింది చదువుతుంటే, వంటింటి గుమ్మం దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చుని వింటుంది. మహా కఠినమైన మనిషి. నేను గొప్ప చమత్కారం అనుకున్న చోట ఆగి ఆశగా చూస్తే, "ఇక్కడ నవ్వాలా నాన్నా?" అని అడిగేది. అందులో వెటకారం ఉండేది కాదు, నిజంగా తెలియకే అడిగేది. ఆ పేరా కొట్టేసేవాణ్ని. మూడేళ్లలో మొత్తం పదకొండుసార్లు నవ్వింది. ఒకసారి పాలు తాగుతూ నవ్వితే ముక్కులోంచి వచ్చాయి. ఆ వారం మెచ్చుకుంటూ నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మామూలుగా వచ్చేది ఒక్కటే, అదీ మా బావగారు రాసేది. ఆ పిల్ల నవ్వితే రచన బాగున్నట్టు, నవ్వకపోతే లేనట్టు. నా దగ్గర వేరే తక్కెడ ఏదీ లేదు.

సంస్థవారి పాఠాల్లో 'జాబ్ షాడో' అని ఒకటుంది. పిల్లలు ఒక పనిరోజంతా తల్లి వెంటో తండ్రి వెంటో నీడలా ఉండి, వాళ్లు ఏయే నైపుణ్యాలు వాడుతున్నారో ఒక ఫారంలో రాయాలి. మా ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. అక్కడికి అప్పుడే పుట్టిన పిల్లల్ని తప్ప వేరే పిల్లల్ని రానివ్వరు. కాబట్టి మా అమ్మాయి నా వెంట వచ్చింది.

కాలమ్ రాస్తే ఇల్లు గడవదు కనుక నేను కుళాయిలు తయారుచేసే ఒక కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాను. మీ కుళాయి కారుతోందని జనం రాస్తారు, నేను జవాబులు రాస్తాను. ఆ రోజు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మా అమ్మాయి నింపిన ఫారం ఇది. ఒక్క అక్షరం మార్చలేదు.

"'మీకు కలిగిన అసౌకర్యానికి ఎంతో బాధపడుతున్నాం' అని మా నాన్న ఇరవై ఆరు మందికి రాశారు. అప్పుడు బిస్కెట్ తింటున్నారు. పదకొండింటికి మీటింగ్ జరిగింది. మేనేజర్ గారు తన బావమరిది గొడుగు పోగొట్టుకున్న జోకు చెప్పారు. మధ్యలో ఆగి నీళ్లు తాగారు. అప్పుడు అందరూ నవ్వారు. జోకు ఇంకా పూర్తి కాలేదు. మా నాన్న అందరికంటే ముందు నవ్వారు. మేనేజర్ గారు బయటికి వెళ్లగానే అందరూ ఒకేసారి ఆపేశారు, లైటు ఆర్పినట్టు."

కింద 'మీరు గమనించిన ముఖ్య నైపుణ్యం' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో రాసింది: "సార్ ఆగిన చోట నవ్వాలి."

సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ అడిగింది.

"ఆ జోకు నీకు నచ్చిందా నాన్నా?"

"ఆరేళ్లుగా వింటున్నానమ్మా."

"మరి నవ్వు ఎలా వస్తుంది?"

"అలవాటైపోయింది."

తన బుగ్గ వేలితో నొక్కి చూసుకుని, "బుగ్గలు నొప్పెట్టవా?" అంది.

ఎండ ముఖాన కొడుతోందని చెప్పి నేను సీటు మారాను.

ఆ శుక్రవారం తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాం. సంస్థ తరఫున వచ్చే కోచ్‌కు ఇరవై నాలుగేళ్లుంటాయి. మెడలో ట్యాగు, చేతిలో మార్కరు, మంచి పిల్ల, అందర్నీ 'లీడర్స్' అని పిలుస్తుంది. మా అమ్మాయి ఫారం తీసి పైకి చదివింది. బిస్కెట్ దగ్గరికి వచ్చేసరికి నాకు బూటు లేసు కట్టుకోవాల్సిన అవసరం వచ్చింది. గొడుగు దగ్గర రెండో బూటు. మూడో కాలు లేనందుకు మొదటిసారి విచారించాను.

అయితే అనుకున్నదొకటి, అయినదొకటి.

"చూశారా లీడర్స్, ఎంత చక్కగా గమనించిందో? దీన్నే సాఫ్ట్ స్కిల్ అంటారు. పెద్ద పెద్ద కాలేజీల్లో కూడా ఇంత వివరంగా చెప్పరు" అంది కోచ్, కళ్లు మెరుస్తుండగా. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసింది. "ఇప్పుడు ప్రాక్టీస్ చేద్దాం. నేనొక మాట చెప్పి ఆగుతాను, సరేనా?"

గొంతు సవరించుకుని, "ఈ రోజు శుక్రవారం" అని ఆగింది.

ముప్పై ఎనిమిది మంది పిల్లలు పకపకా నవ్వారు. వెనక బెంచీల్లో ఉన్న తల్లిదండ్రులమూ నవ్వాం. నిజం చెప్పాలంటే పిల్లలకంటే ముందు మేమే నవ్వాం. ఎంతైనా అనుభవజ్ఞులం కదా!

మా అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. అక్కణ్నుంచి మా ఇంట అన్నీ శుభాలే. లెక్కల మాస్టారు 'భిన్నాలు అంటేనే నాకు భయం' అని ఆగితే మా పిల్ల ఒక్కతే నవ్విందట, ఇంటర్నల్స్‌లో రెండు మార్కులు ఎక్కువ పడ్డాయి. కిరాణా కొట్టాయన చాక్లెట్ కొసరు వేస్తున్నాడు. మొన్న మా ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చి, "వచ్చే నెల నుంచి అద్దె పెంచుదామనుకుంటున్నాను" అని ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు. మా అమ్మాయి కిలకిలా నవ్వింది. తానేదో జోకు వేశాననుకుని ఆయనా నవ్వేసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒక్క నవ్వుకు ఇంత రాబడి ఏ బ్యాంకులో వస్తుంది?

ఇక నా విషయానికి వస్తే, బహుమతి వచ్చిన వారం కాలమ్ చదువుతుంటే నాలుగుసార్లు నవ్వింది. ఒక్క ఆదివారం నాలుగు! నేను రెండో కప్పు టీ అక్కర్లేకుండానే మరో కాలమ్ రాసేశాను. తర్వాతి ఆదివారం తొమ్మిది. నా కలానికి ఈ వయసులో పదునొచ్చిందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసి, పోపు మాడుతోందని లోపలికి వెళ్లింది. ఆ రోజు పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు.

మూడో ఆదివారం పద్నాలుగు. మూడేళ్ల మొత్తం కంటే ఎక్కువ. రచయితకు పొగడ్త చేదా? అయినా ఎందుకో మనసు కీడు శంకించింది. సంచిలోంచి మా కంపెనీ కరపత్రం ఒకటి తీసి, కాగితాల మధ్య పెట్టి, కాలమ్ చదివినట్టే చదివాను.

"వాషరును కుడివైపుకు బిగించవలెను" అని ఆగాను. నవ్వింది.

"అవసరానికి మించి బలము వాడరాదు" అని ఆగాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇక్కడ నవ్వాలా నాన్నా అని అడగడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు.

ఆ రోజు మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "ఆ సంస్థవాళ్లు పిల్లని పాడుచేశారు. రేపే వెళ్లి ఈ క్లాసులు వద్దని రాసిచ్చేస్తాను."

ఆవిడ యూనిఫాం మడతపెడుతూ తాపీగా అంది. "వాళ్లనెందుకు అంటారండీ, పాపం. డబ్బులు దాచుకోమన్నారు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడమన్నారు. అంతేగా? ఆ నవ్వు వాళ్ల పుస్తకంలో లేదు. అది మీ ఆఫీసు నుంచి తెచ్చుకుంది."

రోజుకు ఇరవై ఆరు జవాబులు రాసే అలవాటుకొద్దీ, కలిగిన అసౌకర్యానికి ఎంతో బాధపడుతున్నానని చెప్పాను.

సరే, విత్తు ఒకటేస్తే చెట్టు ఒకటొస్తుందా అని, సోమవారం మీటింగులో నవ్వకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. తండ్రి మారితే పిల్లా మారుతుంది కదా. పళ్లు బిగించి కూర్చున్నాను. గొడుగు వచ్చింది, బావమరిది వచ్చాడు. మేనేజర్ గారు నీళ్ల సీసా అందుకుని మూత తిప్పుతున్నారు. ఇంకా తాగనే లేదు, నేను నవ్వేశాను. గదిలో మిగతావాళ్లు నా వెనకే అందుకున్నారు. ఆయన ఆ రోజు నా భుజం తట్టి వెళ్లారు.

కాబట్టి పాఠకులారా, ఈ పాఠాల మీద ఎవరైనా నోరు పారేసుకుంటే నమ్మకండి. మీ పిల్లల్నీ పంపండి. పొదుపు నేర్చుకుంటారు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తారు. మిగతాది వాళ్లు నేర్పక్కర్లేదు. మనం రోజూ ఉదయం తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా చేసి చూపిస్తూనే ఉన్నాం. నేను సంతోషంగానే ఉన్నాను. ఇప్పుడు నేను రాసే ప్రతి వాక్యమూ జోకే. ఏ రచయితకు దక్కుతుందీ అదృష్టం? నాకు పద్నాలుగు అక్కర్లేదు. ఏడాదికి మూడో నాలుగో, ఆ పాతవి దొరికితే చాలు.

ఈ కాలమ్ కూడా ఈ ఉదయం బకెట్ మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. చీమ దగ్గర నవ్వింది. రాజు దగ్గర నవ్వింది. గది అద్దె దగ్గర నవ్వింది. చివరిదాకా చదవలేకపోయాను. 'ఒకసారి పాలు తాగుతూ నవ్వితే' అన్న చోటికి వచ్చేసరికి కాగితం దించి ఆగాను.

నవ్వింది.

"ఎందుకు నవ్వావమ్మా?"

"నువ్వు ఆగావు కదా నాన్నా."