ఉప్పుగెడ్డపేట ఖాళీ అయిన విధము

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాతలో తప్పులుంటాయి. యాభై తొమ్మిదో ఏట పలక పట్టినదాన్ని, వత్తుల దగ్గర ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. చదవడం మరీ నెమ్మది. పేపరులో ఒక పేజీ పూర్తి చెయ్యడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఆ నెమ్మది వల్లనే మన జిల్లాలో జరిగిన అణు ప్రమాదాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. (అధికారులు సంతకం పెట్టవలసిన చోటు దాకా చదివారు.)

ప్రపంచంలో మిగతా చోట్ల ముందు అణు కేంద్రం కడతారు. తర్వాత ఎప్పుడో ప్రమాదం జరుగుతుంది. ఆ తర్వాత పేపరులో వస్తుంది. ఈ వరసలో ఎంత కాలం వృథా అవుతోందో కనిపెట్టి సరిదిద్దిన ఘనత మన జిల్లాకే దక్కింది. మా ఉప్పుగెడ్డపేట పక్కన కేంద్రం ఇంకా లేదు. గోడ ఉంది, గేటు ఉంది, గేటుకి తాళం ఉంది, లోపల జీడిమామిడి చెట్లున్నాయి. పేపరు మాత్రం అచ్చయిపోయింది.

ప్రమాదం సంభవిస్తే ప్రజలకు ‘పత్రికల ద్వారా తక్షణమే’ తెలియజేయాలని కేంద్రం కోసం వేసిన విపత్తు ప్రణాళికలో రాశారు. మా మండలంలో దానికి బాధ్యులు జగన్నాధం గారు. ఆయన హోదా విపత్తు సమాచార ముందస్తు ముద్రణాధికారి. (బోర్డు మీద పట్టక, ‘ముద్రణాధికారి’ గోడ మలుపు తిరిగాక వస్తుంది.) ఆయన విలేకరి ధర్మేంద్రని పిలిపించి, తక్షణమే అంటే ఎంతసేపు పడుతుందని అడిగారు. ధర్మేంద్ర మా చుట్టుపక్కల వార్తలు పేపరుకి రాస్తాడు, తెల్లారి ఆ పేపరు ఇంటింటికీ తనే వేస్తాడు. జిల్లా పేజీలు సాయంత్రం ఆరింటికల్లా కట్టేస్తారని, వార్త అయిదు లోపు పంపాలని, ఆ తర్వాత ఏది జరిగినా ఎల్లుండే వస్తుందని చెప్పాడు.

జగన్నాధం గారు ఆలోచించి, ప్రమాదాలన్నీ సాయంత్రం అయిదు లోపే జరగవలెనని ఉత్తర్వు ఇవ్వవచ్చునా అని పైవారికి రాశారు. అది తమ పరిధిలోకి రాదని పైవారు జవాబిచ్చారు. అందుచేత పేపరునే ముందుగా అచ్చువేసి ఉంచాలని తీర్మానించారు. తేదీ చోటు ఖాళీగా ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజున రబ్బరు స్టాంపుతో వేసుకుంటారు.

పేపరన్నాక ఫోటో ఉండాలి. నడవలేనివారిని ముందుగా బస్సెక్కిస్తున్నట్టు చూపించాలని నియమం. కాని లెక్కల ప్రకారం మా ఊళ్ళో నడవలేనివారు ఒక్కరూ లేరు. నడవలేనివారు స్వయంగా మండలాఫీసుకి వచ్చి పేరు రాయించుకోవాలన్నారు, ఎవరూ రాలేదు. చివరికి నా ఆడపడుచు సుభద్రమ్మని ఫోటో వరకు నడవలేని మనిషిగా గుర్తించారు.

సుభద్రమ్మ మా ఆయనకి అక్క. ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. రెండేళ్ళ కిందట చేపలు ఆరబెట్టే చోట జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. టెక్కలి ఆసుపత్రికి వారం వారం తీసుకొస్తే కర్రసాయంతో నడిపిస్తామని డాక్టరు అన్నారు. ఆటోలో ఆమె కాలు చాపుకోలేదు. బస్సు మా ఊరు రాదు. అందుకే నేను ప్రణాళిక పుస్తకాన్ని మూడు వారాలు కూర్చుని చదివాను. చివరి పేజీలో ఇలా ఉంది: ‘అయిదు కిలోమీటర్ల లోపు గ్రామములలో ఒక్కొక్క బస్సు శాశ్వతముగా నిలిపి ఉంచవలెను. ప్రమాదము లేని దినములలో ఆసుపత్రి అవసరములకు వాడుకొనవచ్చును.’

సుభద్రమ్మ ఆ వాక్యాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది. 

“ఒసే తాతమ్మా,” అంది, “అయితే ఆ కేంద్రమేటో బేగి కట్టీమని సెప్పు.”

నేను వెళ్ళి అడిగితే, బస్సు మంజూరయిందని, వచ్చే నెల ఒకటో తేదీకి వస్తుందని జగన్నాధం గారు అన్నారు. ఆ కాగితం కూడా చూపించారు.

ఫోటోకి మాత్రం భావనపాడు వెళ్తున్న పెళ్ళివారి బస్సుని ఆపి, పూలదండలు విప్పించారు. (ప్రమాదానికి శోభ తగదు.) నలుగురు మోసుకెళ్ళి సుభద్రమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. రెండేళ్ళ తర్వాత ఆమె ఎక్కిన మొదటి బండి అది. ధర్మేంద్ర నవ్వొద్దని బతిమాలాడు.

“బస్సెక్కినాక నవ్వకండా ఎలాగుంటాన్రా?” అంది. పనిలో పనిగా, ఇది టెక్కలి దాకా వెళ్తాదేటి అని జగన్నాధం గారిని అడిగింది. ప్రస్తుతానికి ఫోటో వరకే మంజూరయిందని ఆయన మర్యాదగా చెప్పారు. ఆమెను దించి, దండలు కట్టుకుని, బస్సు పెళ్ళికి పోయింది.

పేపరు పదివేల కాపీలు అచ్చయి వచ్చింది. ‘ఉప్పుగెడ్డపేట పూర్తిగా ఖాళీ, ప్రాణనష్టం లేదు’ అని పెద్దక్షరాలు. సుభద్రమ్మ ఫోటో కింద ‘అధికారుల చొరవతో ఊరట పొందిన వృద్ధురాలు’. అందరినీ జూనియర్ కాలేజీ హాస్టలులోని శిబిరానికి చేర్చినట్టు, మా ఇద్దరికీ నాలుగో గది ఇచ్చినట్టు కూడా ఉంది.

నెల తిరక్కుండా, ఆ పేపరులో ‘హుటాహుటిన చేరుకున్న’ పెద్ద అధికారికి బదిలీ అయింది. కొత్తాయన పేరుతో మళ్ళీ అచ్చువెయ్యాలి కాబట్టి పాత ప్రమాదం రద్దయింది. కట్టలు పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేక ధర్మేంద్ర వాటిని నా పాకలో పడేసిపోయాడు. నేను ఎండు నెత్తళ్ళ చేపలు అమ్ముకునేదాన్ని. (అక్షరాలు కూడబలుక్కున్నది కూడా పొట్లం కాగితాల మీదే.) రద్దయిన ప్రమాదమే కదా అని పొట్లాలు కట్టాను. తప్పు నాదే.

టెక్కలి సంతలో ఆ వారం బేరం బాగా జరిగింది. మధ్యాహ్నం వంట వేళకి జనం పొట్లాలు విప్పారు, చదివారు. ఆ గోడ వెనక జీడిమామిడి చెట్లున్నాయని చాలామందికి తెలుసు. అయినా అచ్చులో ఉంది. ఒకాయన జగన్నాధం గారికి ఫోను చేశారు. జగన్నాధం గారు ధర్మేంద్రకి చేసి, పేపరులో వచ్చిందట నిజమేనా అని అడిగారు. అధికారులు ధ్రువీకరిస్తే నిజమేనని ధర్మేంద్ర చెప్పాడు. పేపరులో వచ్చాక ధ్రువీకరించకుండా ఎలా ఉంటామని జగన్నాధం గారు అన్నారు. ఆ విధంగా ఒంటిగంటా ఇరవై నిమిషాలకి ప్రమాదం జరిగింది. అయిదు దాటలేదు కాబట్టి మర్నాటి పేపరుకి కూడా అందింది.

సాయంత్రం శ్రీకాకుళంలో సమీక్ష పెట్టారు. ఊరు ఖాళీ అయిందని, ప్రాణనష్టం లేదని పేపరులో స్పష్టంగా ఉన్నందున చెయ్యవలసిన పనేమీ మిగల్లేదని గుర్తించి, సిబ్బందిని అభినందించారు. గేటు తీసి లోపల చూద్దామని ఎవరో అన్నారట. తాళంచెవి బదిలీ అయినాయనతో వెళ్ళిపోయింది.

ఒకటో తేదీ వచ్చింది, బస్సు రాలేదు. ‘ఖాళీ అయిన గ్రామమునకు బస్సు అవసరము లేదు’ అని దాన్ని వేరే ఊరికి పంపేశారు. నేను జగన్నాధం గారి దగ్గరికి వెళ్ళి, మేము ఊళ్ళోనే ఉన్నామని చెప్పాను. ఆయన విసుక్కోలేదు. పేపరు తీసి బల్ల మీద పరిచారు.

“ఈవిడ మీ ఆడపడుచేనా?”

“అవును బాబూ.”

“బస్సులో ఉన్నారా, లేదా?”

“ఉన్నాది. ఆ తర్వాత దిగిపోనాది కదా.”

“దిగినట్టు ఫోటో ఉందా?”

లేదు. అలాంటి వాటికి ఫోటో తియ్యరు. ఆయన నా మీద జాలిపడి ఒక దారి చూపించారు. శిబిరం నుంచి తిరిగి వచ్చేసినట్టు అక్కడి నుంచి కాగితం తెస్తే ఊళ్ళో ఉన్నట్టు పరిశీలిస్తామన్నారు. హాస్టలుకి వెళ్ళాను. నాలుగో గదిలో విరిగిన బల్లలున్నాయి. కాపలాదారు కూర్మయ్య నెమ్మదస్తుడు. ఇక్కడికి ఎవరూ రాలేదు కాబట్టి వెళ్ళిపోయినట్టు రాసివ్వడం కుదరదని చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపాడు.

ఇంటికొచ్చి జరిగినదంతా సుభద్రమ్మకి చెప్పాను. ఆమె పేపరు అడిగి తీసుకుని తన ఫోటో చాలాసేపు చూసుకుంది. ఆమెకి చదువు రాదు.

“అయితే ఇప్పుడు నానెక్కడున్నట్టు?” అంది.

“శిబిరంలో ఉన్నావట వదినా.”

“మరక్కడ నడుస్తన్నానేటి?”

నేను పేపరు మళ్ళీ మొదటి నుంచి చదివాను. రెండు రోజులు పట్టింది. ఆ సంగతి అందులో రాయలేదు.

ఇట్లు,
తాతమ్మ, వయసు అరవై నాలుగు.
ప్రస్తుత నివాసం: పేపరు ప్రకారం జూనియర్ కాలేజీ హాస్టలు, నాలుగో గది. ఉత్తరం రాసేవారు మాత్రం ఉప్పుగెడ్డపేటకే రాయగలరు. అక్కడి నుంచి మమ్మల్ని ఇంకా ఎవరూ తీసుకెళ్ళలేదు.