బెల్టుకు ధ్రువపత్రం

ఆగస్టు పద్నాలుగో తేదీ ఉదయం మా కాలనీ నుంచి ఒక సేఫ్టీ బెల్టు అధికారికంగా హైదరాబాదు బయలుదేరింది. దాని సంచి నేనే సర్దాను. అడుగున పాత నేత చీర మడత పరిచి, దాని మీద బెల్టు చుట్టి పెట్టి, ఇనుప కొక్కేలు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో గుడ్డపీలికలు కుక్కాను. వానాకాలం కదా అని పైన పాలిథిన్ కవరు తొడిగాను. ప్రయాణం మనిషిదైనా వస్తువుదైనా, సంచి నా చేత్తో సర్దితే గాని నాకు నమ్మకం ఉండదు. జిప్పు మూడుసార్లు లాగి చూసుకున్నాను.

బెల్టు యజమాని కోటి గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. మా చెల్లెలి కొడుకు. ముప్పై ఎనిమిదేళ్లు, కరెంటు పని. పండగ వస్తే కాలనీ స్తంభాలెక్కి లైట్లు కట్టేది వాడే. ఎక్కినవాణ్ని స్తంభానికి పట్టి ఉంచేది ఈ బెల్టే.

"పులిహోర కూడా కట్టేత్తావేటి పెద్దమ్మా? దార్లో ఆకలేత్తాది దానికి" అన్నాడు. "నాను టెన్తు మూడుసార్లు తప్పాను. ఇది ఒక్కసారికే పాసయిపోద్ది సూడు."

"మరి ఇది లేకుండా నువ్వెలా ఎక్కుతావురా?"

"ఎక్కను. అదొచ్చేదాకా కూకుంటాను."

బెల్టు పరీక్షకు ఎందుకు వెళ్లవలసి వచ్చిందో తెలియాలంటే, ముందు మా సంఘం గొప్పతనం తెలియాలి.

కూర్మన్నపాలెం దాటాక మా కాలనీ. చుట్టుపక్కల కర్మాగారాల్లో జీవితమంతా పైవాళ్లనూ కిందివాళ్లనూ తనిఖీ చేసి రిటైరైన పెద్దలు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. రిటైరైన మొదటి ఏడాది వారు తమ భార్యలను తనిఖీ చేశారు. రెండో ఏడాది భార్యలందరూ ఏకమై వారికి కమ్యూనిటీ హాలు తాళం ఇప్పించారు. 'పండుగ అలంకరణల భద్రతా పరీక్షా సంఘం' పుట్టింది అలాగే.

అధ్యక్షులు దేవీప్రసాద్ గారు. ముప్పై నాలుగేళ్లు భద్రతా విభాగంలో పనిచేసిన వారు. నేటికీ పాల ప్యాకెట్టుకు హెల్మెట్ పెట్టుకునే వెళతారు. కార్యదర్శి శ్రీరామ్మూర్తి గారు మూడు ప్రతులు లేనిదే తుమ్మరు. నాకు వారిద్దరి మీదా గౌరవం ఉంది. నేను బడికి వెళ్లలేదు. క్యాంటీన్లో పిండి రుబ్బడానికి వెళ్లే రోజుల్లో, దారి పొడవునా ఉండే భద్రతా బోర్డుల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను. 'మీ కోసం ఇంట్లో ఎదురుచూస్తున్నారు' అన్నది నేను తడుముకోకుండా చదివిన మొదటి వాక్యం. ఈ అర్హత గుర్తించి సంఘం వారు సర్క్యులర్లను ఆడవాళ్లకు చదివి వినిపించే బాధ్యత నాకు అప్పగించారు.

వినాయక చవితికి నెల ముందే పరీక్షలు మొదలయ్యాయి. మామిడాకుల తోరణాలకు అగ్ని పరీక్ష పెట్టారు. పచ్చి ఆకులు కాలలేదు, పాసయ్యాయి. మూడో రోజుకు అవే ఆకులు ఎండి, అంటుకుని, ఫెయిలయ్యాయి. అందుచేత తోరణాలకు రోజూ కొత్తగా పరీక్ష జరపాలని తీర్మానించారు. పందిరి అరటి చెట్ల బలం తెలుసుకోవడానికి శ్రీరామ్మూర్తి గారు స్వయంగా ఆనుకున్నారు. ఆయనా చెట్టూ కలిసి పడ్డారు. చెట్టుకు సంజాయిషీ నోటీసు జారీ అయింది. సీరియల్ లైట్లను బకెట్ నీళ్లలో ముంచి వెలిగించారు. ఆరిపోయినవి ప్రమాదకరమని, ఆరిపోనివి అనుమానాస్పదమని తేలింది. నీటిలో ఉంచితే కరిగిపోతున్న కారణంగా మట్టి వినాయకుడు ఫెయిలయ్యాడు. నిమజ్జనం రోజున ఆయన చేయవలసిన పని అదే కదా అని ఎవరో గొణిగారు గాని, మినిట్స్‌లోకి ఎక్కలేదు.

ఇక్కడే దేవీప్రసాద్ గారికి ఒక సందేహం వచ్చింది. అలంకరణ అంటే ఏమిటి? రెండు సమావేశాల చర్చ తర్వాత నిర్వచనం వెలువడింది: 'పండుగ రోజుల్లో నేలకు ఆరడుగుల పైన వేలాడు వస్తువు ఏదైనను అలంకరణయే.'

నిర్వచనం చేతిలో పట్టుకుని సంఘం వీధిన పడింది. డాబా మీద చిట్టమ్మ తాడుకు ఎండుచేపలు వేలాడుతున్నాయి. చిట్టమ్మ పుట్టిల్లు ఫిషింగ్ హార్బర్ పక్కన. ఆమె డాబా మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఎండుతూనే ఉంటుంది.

"ఇయి ఇనాయకుడికి కాదు బాబూ, మా ఇంటాయనకి" అంది చిట్టమ్మ. "రోజూ ఆయనే పరీచ్చ సేసి తింటాడు."

అయినా నమూనాగా పది చేపలు తీసుకెళ్లారు. ఆ నమూనాలు ఎంతవరకు పరీక్షించబడ్డాయో సాయంత్రం శ్రీరామ్మూర్తి గారి వంటింటి వాసన బట్టి కాలనీ అంతటికీ తెలిసింది.

ఆ మర్నాడే కోటి గేటు దగ్గర స్తంభం మీద కనిపించాడు.

"ఆ నడుముకు ఉన్నదేమిటి?" అని దేవీప్రసాద్ గారు కిందనుంచి అడిగారు.

"బెల్టు సార్. నాను ఏలాడ్డానికి."

"అంటే స్తంభానికి అది వేలాడుతోంది, దానికి నువ్వు వేలాడుతున్నావు. మొత్తం రెండు అలంకరణలు."

"అయితే నన్ను కూడా పంపేత్తారేటి సార్, పరీచ్చకి?"

దేవీప్రసాద్ గారు కాసేపు ఆలోచించారు. మనిషిని పరీక్షించే యంత్రం హైదరాబాదు ల్యాబులో లేదని శ్రీరామ్మూర్తి గారు గుర్తు చేయడంతో, బెల్టు ఒక్కటే స్వాధీనమైంది. ధ్రువపత్రం వచ్చే వరకు దాన్ని ఎవరూ వాడరాదు. ఆ సర్క్యులర్ ఆడవాళ్లకు చదివి వినిపించింది నేనే. గొంతు బాగా పలికిందని అందరూ మెచ్చుకున్నారు.

పది రోజులైనా బెల్టు రాలేదు. కోటి అన్న మాట ప్రకారం కూర్చున్నాడు. ఈలోగా, అనుమానం మీదే చివరకు పాసైన సీరియల్ లైట్ల ధ్రువపత్రానికి గడువు ఇరవై ఏడుతో తీరిపోతోంది. పైగా ఇరవై ఆరున ఒక ముఖ్య అతిథి వచ్చి, గేటు ఆర్చీకి కట్టిన 'ఇక్కడి అలంకరణలన్నీ పరీక్షింపబడినవి' అన్న బోర్డును స్విచ్చి నొక్కి వెలిగించాలి. బోర్డు వచ్చింది. దాన్ని కట్టే మనిషి కిందనే ఉన్నాడు.

ఇరవై నాలుగో తేదీ సమావేశంలో నేను లేచి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి. "బాబూ, ఆర్చీ ముప్పై అడుగులుంటాది. వాన కురిసి ఇనుమంతా జారిపోతంది. ఆడికి ఇంకో బెల్టయినా ఇప్పించండి" అన్నాను.

దేవీప్రసాద్ గారు ఎంతో మర్యాదగా సమాధానమిచ్చారు. "అమ్మా, తమ ఆందోళన సంఘం దృష్టికి వచ్చింది. దానిని నమోదు చేశాం. అయితే ఇంకో బెల్టు తెచ్చినా అదీ పరీక్షింపబడని బెల్టే అవుతుంది. పరీక్షింపబడని బెల్టుతో మనిషిని అంత ఎత్తుకు ఎక్కించడం ఎంత ప్రమాదమో మీకు తెలియదు. ఈ సంఘం ఊపిరి ఉన్నంతవరకు అటువంటి ప్రమాదానికి తావివ్వదని హామీ ఇస్తున్నాను."

హాలు చప్పట్లతో మారుమోగింది. నేనూ కొట్టాను.

మర్నాడు వర్క్ పర్మిట్ తయారైంది. హెల్మెట్: ఉంది. నిచ్చెన: ఉంది. బెల్టు: పరీక్షలో ఉంది. మూడు గళ్లూ నిండడంతో అనుమతి మంజూరైంది. కోటి ఒప్పుకోకపోతే వచ్చే పండగ నుంచి గాజువాక మనిషిని పిలుస్తామని కూడా ప్రేమగా చెప్పారు.

మధ్యాహ్నం వాడి సంచి సర్దాను. టెస్టరు, కటింగ్ ప్లేయరు, నల్ల టేపు, మంచినీళ్ల సీసా. బెల్టు పెట్టే చోట ఖాళీగా ఉంటే అక్కడ తువ్వాలు కుక్కాను.

"మానేయరా" అన్నాను.

"ఒక్క బోర్డే కదేటి. ఇలా ఎక్కి అలా దిగిపోతాను" అన్నాడు. వాకిట్లో ఉన్న పెళ్లాం సూర్యకళ వైపు తిరిగి, "పెద్దమ్మ నన్ను కూడా పాలిథిన్ కవర్లో ఎట్టేత్తాదేమో సూడవే" అని నవ్వించాడు. "వొత్తాను పెద్దమ్మా" అన్నాడు. వెళతానని ఎప్పుడూ అనడు. నేను ఊరుకోనని తెలుసు.

బోర్డు చక్కగా కట్టాడు. రెండు చివరలా నల్ల టేపు చుట్టి, వంకర లేకుండా సరిచూశాడు. బోర్డు పడలేదు. వాడు పడ్డాడు.

ఇరవై ఆరున జరగవలసిన సభ, విచారం వల్ల, ఇరవై ఏడుకు వాయిదా పడింది. ముఖ్య అతిథి స్విచ్చి నొక్కారు. కార్యదర్శి వార్షిక నివేదిక చదివారు: 'ఈ ఏడాది అలంకరణ సంబంధిత ప్రమాదాలు: సున్నా.' వెనక వరసలోంచి చిట్టమ్మ లేచి, "మరి కోటి సంగతేటి?" అని అడిగింది. దేవీప్రసాద్ గారు నిర్వచనం మరోసారి చదివి వినిపించారు. ఆ సమయంలో కోటి దేనికీ వేలాడుతూ లేడు. కాబట్టి అతను సంఘం పరిధిలోకి రాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, చదువు వచ్చినదాన్ని కనుక నేనూ చూశాను. తర్వాత రెండు నిమిషాల మౌనం, ఆ పైన లడ్డూలు.

ఆర్చీ చాలా అందంగా వెలిగింది. దాని కింద నిలబడి ఎంతమంది ఫొటోలు దిగారో లెక్కలేదు. మీరూ వచ్చే ఉంటారు. ఫొటోలో పైన కుడివైపు చివర నల్ల టేపు కనిపిస్తుంది, పెద్దది చేసి చూడండి.

సెప్టెంబరు ఐదో తేదీన శ్రీరామ్మూర్తి గారు నేను సర్దిన సంచిని తెచ్చి, మూడు ప్రతుల మీద యజమాని సంతకం అడిగారు. సూర్యకళ పెట్టింది. లోపల నా పాత చీర, గుడ్డపీలికలు, బెల్టు, ధ్రువపత్రం అన్నీ ఉన్నాయి. వంద కిలోల మనిషి జారినా ఈ బెల్టు ఆపగలదని, ఇంకా ఐదేళ్లు నిశ్చింతగా వాడవచ్చని అందులో రాసి ఉంది. గట్టిగానే చదివాను, సూర్యకళకు వినపడాలి కదా. కోటి అరవై కిలోలు కూడా లేడు.

బెల్టు తిరిగి వచ్చింది. కోటి ఆగస్టు ఇరవై ఐదో తేదీ, మధ్యాహ్నం మూడు గంటలకు ఇంట్లోంచి వెళ్లాడు. తిరిగి రాలేదు.